సింధూకి అమ్మ ఉత్తరం: హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద కారు గురించి

సూర్యాపేట,
ఆదివారం రాత్రి

చిట్టితల్లీ సింధూ,

ఫోన్లో చెబితే "తెలుసులే అమ్మా" అని పెట్టేస్తావు. అందుకే కాగితం తీసుకున్నాను. రేపు బడికి పోయేటప్పుడు పోస్టులో వేస్తాను.

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. బోరు మోటారు మళ్ళీ కాలింది, నాన్న రివైండింగ్ చేయించారు. నాయనమ్మకు మోకాళ్ళు కొంచెం నయం, పొద్దున పెరట్లో నాలుగు అడుగులు వేస్తోంది. నాకు ఈ ఏడు తొమ్మిదో తరగతి ఇచ్చారు, గమన నియమాలు మొదలుపెట్టాను. శుక్రవారం పద్మ పిన్ని వచ్చి సాయంత్రం దాకా ఉంది. మాటల్లో మాటగా, చింటూ నీ స్టేటస్ చూపించాడని చెప్పింది. కారు స్పీడోమీటరు ఫోటో, ముల్లు 118 దగ్గర ఉందట. నేను చూద్దామనుకునేసరికి అది పోయింది. పిన్ని సంగతి నీకు తెలుసుగా, 90 అయితే 118 అని చెప్పినా చెబుతుంది. అందుకే ఇంకా నాన్నకు చెప్పలేదు.

ఆ రోజు నుంచి నువ్వు ఫోన్ ఎత్తడం లేదు. కారులో ఉండి ఎత్తకపోతే నాకు సంతోషమే. ఎప్పుడూ అలాగే చెయ్యి, ఎవరు చేసినా సరే, నేను చేసినా సరే. దిగాక మాత్రం "చేరాను" అని ఒక్క మాట పెట్టు.

నూట పద్దెనిమిది అని విన్నప్పటి నుంచి నన్ను తొలుస్తున్నది ఆ అంకె కూడా కాదు తల్లీ. కారులో నువ్వు ఒక్కదానివే ఉంటే ఆ ఫోటో ఎవరు తీశారు?

సరే, అది అలా ఉంచు. ఔటర్ మీద 120 దాకా పోవచ్చని నాకూ తెలుసు. ముందు 100 ఉండేది, 2023లో పెంచారు. ఎనిమిది లేన్లు, 158 కిలోమీటర్లు, ఎదురుగా వచ్చే బండి లేదు, సిగ్నల్ లేదు, టూవీలర్లూ నడిచేవాళ్ళూ రాకూడదు. ఊళ్ళో నడపడం కంటే తేలిక అనిపిస్తుంది. కొత్తగా నేర్చుకున్నవాళ్ళని మోసం చేసేది ఆ తేలికే. ఊళ్ళో 40లో పోతూ ఏదైనా పొరపాటు చేస్తే బంపర్‌కి సొట్ట పడుతుంది. అక్కడ సర్దుకోవడానికి సమయమే ఉండదు. 120 అనేది హద్దు మాత్రమే, అంత పోయి తీరాలని ఎవరూ అనలేదు. లైసెన్సు వచ్చి ఏడాది కూడా కాని నీకు 80, 90 చాలు. మరీ మెల్లగా కూడా వద్దు. అక్కడ 40కి తక్కువ పోకూడదు. ఎందుకో ఆలోచించు: ముందు లారీ 40లో ఉండి, వెనక నువ్వు 100లో వస్తుంటే, మీ మధ్య ఉన్న వంద మీటర్లు ఆరు సెకన్లలో అయిపోతాయి. దూరం నుంచి చూస్తే ఆ లారీ కదులుతున్నట్టే ఉంటుంది. దగ్గరికి వచ్చాక గానీ అది దాదాపు నిలబడి ఉందని తెలియదు.

నువ్వు పదో తరగతిలో చేసిన లెక్కే ఇది, కానీ మళ్ళీ రాస్తాను. 60లో ఉన్న కారు సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. 120లో 33. ప్రమాదం కంట పడి కాలు బ్రేకు మీదికి చేరడానికి సెకనున్నర వేసుకో. బ్రేకు పడ్డాక ఆగే దూరం వేగంతో పాటు రెట్టింపు కాదు, వేగం వర్గంతో పెరుగుతుంది. పొడి రోడ్డు, మంచి టైర్లు అయితే 60లో మొత్తం 45 మీటర్లలో ఆగే కారు, 120లో ఆగడానికి 130 మీటర్లు కావాలి. వానలో అయితే ఇంకా ఎక్కువ. అందుకే ముందు బండి ఏ బోర్డునో, స్తంభాన్నో దాటినప్పుడు మనసులో లెక్కపెట్టు. నువ్వు అక్కడికి చేరేలోపు మూడు సెకన్లు గడవాలి. వాన పడితే ఆరు. ఆ ఖాళీలోకి ఎవరో దూరుతారు, దూరనీ. మళ్ళీ కొంచెం వెనక్కి తగ్గు. దాని వల్ల ఇంటికి ఒక నిమిషం ఆలస్యంగా చేరతావు, అంతే.

ఈ లెక్కలోనే ఫోటో సంగతి కూడా ఉంది. ఫోన్ చేతిలోకి తీసుకుని, కెమెరా తెరిచి, స్పీడోమీటరు వైపు తిప్పి నొక్కడానికి మూడు సెకన్లు పట్టదా? 118లో మూడు సెకన్లంటే వంద మీటర్లు. ఆ వంద మీటర్లు కారు నడిపింది ఎవరు? పక్కన నీ రూమ్మేట్ ఉండి తీసి ఉంటే, ఆ ఒక్క ముక్క రాయి. నా మనసు కుదుటపడుతుంది.

అన్నయ్య మొదటిసారి అమెరికా వెళ్ళినప్పుడు జరిగింది నీకు సగమే తెలుసు. నువ్వు హాస్టల్లో ఉన్నావు, పరీక్షలని చెప్పలేదు. వాణ్ణి శంషాబాద్‌లో దింపి తిరిగి వస్తున్నాం. మే నెల, మధ్యాహ్నం. సత్తన్న నడుపుతున్నాడు, ముందు నాన్న, వెనక నేనూ నాయనమ్మా. నాయనమ్మ బెల్టు పెట్టుకోనని ఒకటే గొడవ, చీర నలుగుతుందని. సత్తన్న బండి తియ్యలేదు. "పెద్దమ్మా, నువ్వు పెట్టుకున్నాకే కదులుత" అని కూర్చున్నాడు. అప్పుడు పెట్టుకుంది. ఔటర్ ఎక్కి పెద్ద అంబర్‌పేట వైపు పోతున్నాం. ఏమైందో తెలిసేలోపే పెద్ద చప్పుడు. వెనక ఎడమ టైరు పేలింది. కారు వెనక భాగం ఒక పక్కకి లాగుతోంది. నేను "బ్రేకెయ్, బ్రేకెయ్" అని అరుస్తున్నాను. సత్తన్న వెయ్యలేదు. రెండు చేతులతో స్టీరింగు గట్టిగా పట్టుకుని, ఎటూ తిప్పకుండా తిన్నగా ఉంచి, యాక్సిలరేటర్ మీది కాలు మెల్లగా తీశాడు. వేగం దానంతట అదే తగ్గింది. బాగా తగ్గాక ఇండికేటర్ వేసి ఎడమ పక్క షోల్డర్ మీదికి, అంటే లేన్ల పక్కన ఖాళీగా వదిలే అంచు మీదికి, తెచ్చాడు. ఆ క్షణంలో గట్టిగా బ్రేకు తొక్కి ఉంటే కారు గిరగిరా తిరిగేదని తర్వాత నాన్న చెప్పారు.

ఆగాక మాకు ప్రాణం లేచొచ్చింది. బయట నిప్పులు చెరిగే ఎండ. నాయనమ్మ సీట్లో ఒరిగి కూర్చుంది, కదలనంది. ఏసీలో కూర్చుంటాం, నువ్వు టైరు మార్చుకో అన్నాం. సత్తన్న ఒప్పుకోలేదు. నాలుగు లైట్లూ మిణుకుమిణుకుమనేలా వేసి, అందరినీ ఎడమ తలుపు నుంచే దింపాడు. ఇనప రెయిలింగ్ అవతలికి దాటమన్నాడు. నాయనమ్మను నాన్నా సత్తన్నా చెరో పక్కా పట్టుకుని దాటించారు. ఆమె ఎంత తిట్టిందో! కారుకి దూరంగా, బండ్లు వచ్చే వైపు కొంచెం వెనక్కి నడిపించి, ఒక చెట్టు నీడలో నిలబెట్టాడు. తను రెయిలింగ్ అవతలి నుంచే వెనక్కి చాలా దూరం నడిచి, ఎర్ర త్రికోణం పెట్టి వచ్చాడు. టైరు మార్చడం కూడా మొదలుపెట్టలేదు. పెట్రోలింగ్ వాళ్ళకి ఫోన్ చేసి, వాళ్ళు వచ్చాకే అన్నాడు. ఇంత అతి ఎందుకనిపించింది నాకు. అంతలో ఒక కంకర లారీ తన లేను వదిలి మెల్లమెల్లగా షోల్డర్ మీదికి వచ్చింది. డ్రైవరు కునుకు తీశాడో ఏమో. త్రికోణం టైరు కింద నలిగింది. ఆ చప్పుడుకే కాబోలు, లారీ ఒక్కసారి కుడికి తిరిగి, మన కారు అద్దాన్ని రాసుకుంటూ పోయింది. కారు ఊగిపోయింది. నాయనమ్మ నా చెయ్యి పట్టుకున్నది ఇంటికి వచ్చేదాకా వదల్లేదు.

ఎప్పుడైనా నీ కారు ఆగిపోతే ఇవన్నీ అదే వరసలో చెయ్యి. లైట్లు వేసి, ఎడమ తలుపు నుంచి దిగి, రెయిలింగ్ అవతలికి పో. అక్కడ నిలబడే 112కి ఫోన్ చెయ్యి. స్టెప్నీ నువ్వే మార్చగలవని నాకు తెలుసు, నాన్న నేర్పించారు. ఔటర్ మీద మాత్రం మార్చకు. సెల్ఫీకి, నీళ్ళు తాగడానికి, ఫోన్ మాట్లాడటానికి షోల్డర్ మీద ఎప్పుడూ ఆపకు.

ఆ టైరు ఎందుకు పేలిందో పంక్చరు షాపు అతను వేలు పెట్టి చూపించాడు. గాలి తక్కువ ఉంది. గాలి తక్కువైతే టైరు పక్క గోడలు ప్రతి చుట్టుకీ వంగి లేస్తుంటాయి, ఆ వంగడానికే లోపల వేడి పుడుతుంది. ఊళ్ళో మెల్లగా తిరిగితే తెలియదు. ఎండలో, సామానుతో, గంటసేపు 100లో పోతే తెలుస్తుంది. ఎంత గాలి ఉండాలో డ్రైవరు తలుపు తీస్తే చట్రం మీద రాసి ఉంటుంది. పొద్దున బండి తియ్యకముందు, టైర్లు చల్లగా ఉన్నప్పుడే చూపించు. స్టెప్నీకి కూడా. టైరు గాళ్ళలో అక్కడక్కడా చిన్న దిమ్మెలు ఉంటాయి, 1.6 మిల్లీమీటర్ల ఎత్తు. రబ్బరు అరిగి వాటితో సమానమైతే టైరు పని అయిపోయినట్టే. ఇప్పుడు వానలు మొదలయ్యాయి కదా. గాళ్ళు అరిగిన టైరు నీటిని పక్కకి నెట్టలేదు, నీటి మీదే తేలుతుంది. అలా తేలినప్పుడు స్టీరింగు ఒక్కసారిగా తేలికైపోతుంది. అప్పుడు కూడా బ్రేకు వద్దు, తిప్పడం వద్దు, కాలు తీసి తిన్నగా పట్టుకో. డబ్బులకు చూసుకోకు, టైర్లు మార్చాల్సి వస్తే నాన్న ఇస్తారు.

ఎక్కేటప్పుడు ర్యాంపు మీద భయపడి ఆగిపోకు. ఆ పొడుగు దారి ఇచ్చిందే వేగం అందుకోవడానికి. అద్దం చూసి, భుజం మీదుగా ఒకసారి వెనక్కి చూసి, సందు దొరికినప్పుడు కలువు. ఒక్కో లేనే మారు, రెండు లేన్లు ఒకేసారి కొయ్యకు. కుడి చివరి లేను ఉన్నది ముందు బండిని దాటడానికే, దాటాక మళ్ళీ ఎడమకి వచ్చెయ్యి. లారీ పక్కన అదే వేగంతో పోకు, అతనికి నువ్వు కనపడవు. దాటితే దాటు, లేదంటే వెనక ఉండు. దిగాల్సిన ఎగ్జిట్ తప్పిపోతే తర్వాతి దాకా పో. టోలు కొంచెం ఎక్కువవుతుంది, పోనీ. రివర్స్ మాత్రం, ఎవరు పక్కన కూర్చుని చెప్పినా సరే, చెయ్యకు.

రాత్రి గురించి ఇంకా గట్టిగా చెప్పాలి. డిమ్ లైటులో నీకు స్పష్టంగా కనపడేది యాభై అరవై మీటర్లు. 100లో పోతుంటే ఆగడానికి దానికి దాదాపు రెట్టింపు కావాలి. వెనక లైటు లేని లారీ ఒకటి ముందు ఆగి ఉంటే? ఆఫీసు షిఫ్ట్ అయ్యాక, తెల్లవారుజామున బయల్దేరడం వద్దే వద్దు. 2024 ఫిబ్రవరిలో సికింద్రాబాద్ కంటోన్మెంట్ ఎమ్మెల్యే లాస్య నందిత పటాన్‌చెరు దగ్గర ఔటర్ మీద పోయింది ఆ వేళలోనే. ముప్పై ఏడేళ్ళ పిల్ల. ఆ రోజు టీవీ ముందు నుంచి నేను లేవలేకపోయాను. రాత్రి రెండు నుంచి అయిదు దాకా ఒళ్ళు ఎంత ఆపుకున్నా నిద్రకే లాగుతుంది. అద్దం దించితే, పాటలు పెడితే పోయే నిద్ర కాదు అది. గడిచిన రెండు కిలోమీటర్లు ఎలా వచ్చావో గుర్తు లేకపోతే నీకు నిద్ర వచ్చేసినట్టే. వెంటనే తర్వాతి ఎగ్జిట్‌లో దిగి, వెలుతురూ మనుషులూ ఉన్న చోట తలుపులు వేసుకుని ఇరవై నిమిషాలు పడుకో.

పెద్ద అంబర్‌పేట దగ్గర దిగి విజయవాడ రోడ్డు ఎక్కాక ఇంకో చిక్కు ఉంది. అంతసేపు 100లో పోయిన కంటికి 70 కూడా నత్త నడకలా ఉంటుంది. అక్కడ బైకులు ఎదురు వస్తాయి, ఆటోలు ఉన్నచోటే ఆగుతాయి, గేదెలు అడ్డం వస్తాయి. ర్యాంపు దిగేటప్పటి నుంచే మీటరు చూసి వేగం తగ్గించు, నీ అంచనాను నమ్మకు.

మీటరు చూడమన్నానని ఫోటో తీయమని కాదు. చిట్టీ, కోప్పడను. నాన్నకు చెప్పను. ఎవరు తీశారో రాయి, నువ్వే తీసి ఉంటే అదీ రాయి. ఇక మీదట ఎక్కేముందే ఫోన్ హ్యాండ్‌బ్యాగులో వేసి, బ్యాగు వెనక సీటు కింద పెట్టు. దారి తెలిసిందే కదా, మ్యాప్ కూడా అక్కర్లేదు. వెనక ఎవరు కూర్చున్నా బెల్టు పెట్టించు. పెట్టుకోకపోతే జరిమానా ఉంది, ఎవరైనా నసిగితే ఆ మాట చెప్పు. వినకపోతే సత్తన్నలాగా బండి తియ్యకు.

వచ్చే శనివారం వస్తానన్నావు. తెల్లారాక టిఫిన్ తిని బయల్దేరు. వాన గట్టిగా ఉంటే కారు అక్కడే పెట్టి బస్సులో రా, నాన్న బస్టాండుకి వస్తారు. ఆవకాయ పెద్ద సీసాకి తీసి ఉంచాను. తిరిగి పోయేటప్పుడు దాన్ని వెనక సీటు మీద పెట్టకు, గట్టిగా బ్రేకు వేస్తే నీ తలకే వచ్చి తగులుతుంది. డిక్కీలో స్టెప్నీ పక్కన పాత చీర చుట్టి నేనే సర్దుతాను. త్రికోణం మాత్రం సామాను కిందికి పోకుండా పైనే ఉండాలి.

అమ్మ

నాన్న ఇప్పుడే చెప్పమన్నారు: వైపరు బ్లేడ్లు ఎండకి గట్టిపడి ఉంటాయి, ఈ వారంలోనే మార్పించు.