మిద్దె తోటల సంఘం వార్షిక నివేదిక 2024–25: పురుగులకే సరిపోయిన ఏడాది

గౌరవ సభ్యులకు నమస్కారం.

నిరుటి నివేదికలో చీడపీడల గురించి నాలుగు వాక్యాలు రాశాను. కరివేపాకు మొక్క మీద పక్షి రెట్టలా కనిపించే పురుగులను ఏరి సబ్బునీళ్ళలో వేయాలన్నది అందులో ఒకటి. ఈ ఏడాది అవే పురుగులను, జిల్లేడు మీది పురుగులను కూడా, సీతాకోకచిలుకలు అయ్యేదాకా పెంచుదామని ఏరి దోమతెర పెట్టెల్లో పెట్టి, వాటికి ఆకు దొరక్క నాగోలు నుంచి మూసీ గట్టు దాకా తిరిగాం. సంఘం ఏడాదంతా ఏం చేసిందని ఎవరైనా అడిగితే సగం జవాబు ఇదే. మిగతా సగం ముందు చెప్పేస్తాను.

జూన్‌లో బెండ, గోరుచిక్కుడు, తోటకూర, చుక్కకూర విత్తనాలు పంచాం. కంపోస్టు డ్రమ్ములు రెండు కొన్నాం, ఒకటి అడుగు పగిలింది, దుకాణంవాడు మార్చి ఇచ్చాడు. కార్తీకంలో వనభోజనాలు జరిగాయి. ఉసిరి చెట్టు కింద కూర్చోవాలన్న పట్టుదలతో ఉన్న ఒక్క చెట్టు చుట్టూ మూడు వరసలు వేశాం, వెనక వరసకు పులిహోర అందలేదు. వడ్డించినవాళ్ళలో నేనూ ఉన్నాను కాబట్టి క్షమించాలి. సభ్యత్వ రుసుము ఇంకా కొందరి నుంచి రావాలి, పేర్లు ఇక్కడ రాయను, వాళ్ళకే తెలుసు.

ఇక పురుగుల సంగతి.

మన సభ్యురాలు ఒకావిడ 2023 వేసవిలో కూతురి దగ్గరికి న్యూజెర్సీ వెళ్ళి ఆరు నెలలు ఉన్నారు. అక్కడ కూతురు, మనవరాలు కలిసి వంటింటి కిటికీ దగ్గర మోనార్క్ సీతాకోకచిలుకలు పెంచుతారట. "గుడికి వెళ్దాం రావే అంటే, పురుగులకు ఆకు మార్చాలమ్మా, సాయంత్రం వెళ్దాం అంటుంది. సాయంత్రం మళ్ళీ ఆకు మార్చాలి. ఆరు నెలల్లో గుడికి రెండుసార్లు వెళ్ళాం" అని ఆవిడ ఇక్కడికొచ్చి ఫిర్యాదు చేశారు. ఆ ఫిర్యాదు చేసిన మనిషే జులైలో జిల్లేడు కొమ్మతో సమావేశానికి వచ్చారు.

మోనార్క్ మన దగ్గర ఉండదు. అది అమెరికాది. మిల్క్‌వీడ్ అనే పాలమొక్క ఆకు తప్ప దాని పురుగు ఇంకేదీ ముట్టదు. ఎండాకాలం చివర్న పుట్టే తరం వేల కిలోమీటర్లు ఎగిరి మెక్సికో కొండల్లోని ఫర్ చెట్ల అడవికి చేరి, చలికాలమంతా కొమ్మలకు గుత్తులుగా వేలాడుతుంది. అవి అక్కడికే పోతున్నాయని శాస్త్రవేత్తలకు తెలిసింది 1975లో. కానీ దాని చెల్లెలి వరస ఒకటి మన దగ్గర ఉంది. దాన్ని ప్లెయిన్ టైగర్ అంటారు. అదే కాషాయం రంగు, అదే నల్ల అంచు, తెల్ల చుక్కలు. అక్కడ మిల్క్‌వీడ్ అయితే ఇక్కడ జిల్లేడు. ఆ పాలలోని విషాన్ని ఒంటికి పట్టించుకోవడం అక్కాచెల్లెళ్ళిద్దరికీ తెలుసు, అందుకే పిట్టలు జోలికి రావు. మనవరాలు వీడియో కాల్‌లో మన పురుగును చూసి, "అమ్మమ్మా, మావాటికి కొమ్ములు రెండు జతలే, మీ దానికి మూడు" అని కనిపెట్టింది. తెలుపు, నలుపు, పసుపు చారల ఒంటి మీద మూడు జతల నల్ల కొమ్ములు నిజమే, అప్పటిదాకా మాలో ఎవరూ లెక్కపెట్టలేదు.

అలా ఆగస్టులో మొదలైంది. ఆరు ఇళ్ళు ముందుకొచ్చాయి. సగం మంది జిల్లేడు మీది ప్లెయిన్ టైగర్ పెంచితే, సగం మంది కరివేపాకు మీద పెరిగే లైమ్ బటర్‌ఫ్లై పెంచారు.

పెంపకం అనగానే గుడ్డు, పురుగు, ప్యూపా, సీతాకోకచిలుక అని బడి పుస్తకంలో గుండ్రంగా గీసిన బొమ్మ గుర్తొస్తుంది. ఆ బొమ్మలో రెట్ట ఎత్తే మనిషి ఉండడు. అసలు పని అంతా ఆ మనిషిదే. పొద్దున్నే లేచి పెట్టె అడుగున పరిచిన కాగితం తీసి దులిపి కొత్తది వేయాలి. ఒక పూట వదిలేస్తే బూజు పడుతుంది. జిల్లేడు ఆకు తెంపిన కాసేపటికే వాడిపోతుంది కాబట్టి కొమ్మను నీళ్ళ సీసాలో నిలబెట్టాలి. సీసా మూతికి దూది కుక్కకపోతే పురుగు కాడ వెంట దిగి నీళ్ళలో పడి చస్తుంది (మొదటి వారంలో మావి నాలుగు అలాగే పోయాయి). చిన్నప్పుడు ఒక ఆకు మూడు రోజులు వచ్చేది కాస్తా చివరి రోజులకు పూటకో ఆకు అవుతుంది. గుడ్డు మూడు నాలుగు రోజులు, పురుగు రెండు వారాలు, ప్యూపా మరో వారం పది రోజులు. ఈ నెల రోజులు ఊరెళ్ళడానికి లేదు. మా కోశాధికారి బావమరిది పెళ్ళికి వరంగల్ వెళ్తూ పెట్టెను పక్కింట్లో అప్పగించి, దారిలో ఆలేరు నుంచి ఒకసారి, జనగామ నుంచి ఒకసారి ఫోన్ చేశారు. పిల్లల్ని వదిలి వెళ్ళినప్పుడు కూడా అన్ని ఫోన్లు చేయలేదని వాళ్ళావిడ అన్నారు.

పురుగు నాలుగుసార్లు చర్మం విడుస్తుంది. విడిచే ముందు దాదాపు ఒక రోజు కదలదు, మెదలదు. చచ్చిందనుకుని కదిపి చూడవద్దని ఎంత చెప్పినా వినరు, నేనూ వినలేదు. కదిపితే చర్మం సరిగా ఊడదు.

జిల్లేడు కోసేవాళ్ళకు ఒక హెచ్చరిక. అక్టోబరులో మన సభ్యుడొకరు ఆకులు కోసి, అదే చేత్తో కన్ను నలుపుకున్నారు. పాలు కంట్లో పడి ఆ రాత్రే కంటి డాక్టరు దగ్గరికి పరుగెత్తాల్సి వచ్చింది. నయమైంది. అప్పటి నుంచి కళ్ళద్దాలు, సబ్బు లేకుండా ఎవరినీ జిల్లేడు దగ్గరికి పోనివ్వడం లేదు.

అదే నెలలో పెద్ద దెబ్బ తగిలింది. మన వీధి చివరి ఖాళీ ప్లాటులో జేసీబీ దిగింది. ప్లాటు వాళ్ళది, ఇల్లు కట్టుకుంటారు, అనడానికేమీ లేదు. కానీ మన జిల్లేడు పొదలన్నీ అక్కడే ఉండేవి. మధ్యాహ్నానికి నేల చదునైంది. మూడు ఇళ్ళలో పద్దెనిమిది పురుగులు, ఒక్కొక్కటి చిటికెన వేలంత, ఆకలి మీద ఉన్నాయి. ఎవరో మందార ఆకు పెట్టి చూశారు, ఎవరో తమలపాకు. అవి దాని మీదుగా నడిచి వెళ్ళి పెట్టె మూలన కూర్చున్నాయే తప్ప నోరు పెట్టలేదు. చీకటి పడుతుండగా మన సభ్యుల్లో ఒకరైన మాస్టారు స్కూటరు తీశారు, వెనక నేను కూర్చుని సంచీ పట్టుకున్నాను. మూసీ గట్టున జిల్లేడు కావలసినంత ఉంది. ఫోను లైటు వెలుగులో ఆకు కోస్తుంటే అటుగా వచ్చిన కుర్రాడు "ఆంజనేయస్వామికా అంకుల్?" అని అడిగాడు. అవునన్నాం. పురుగులకని చెప్పే ఓపిక లేదు.

రథసప్తమి నాటి ముచ్చట కూడా రాయాలి. ఫిబ్రవరి 4 ముందు రోజు సాయంత్రం, తలస్నానానికి ఏడేసి ఆకుల కోసం కాలనీ మొత్తం మాస్టారి మిద్దె మీదికి వచ్చింది. డ్రమ్ముల్లో మేం పెంచుతున్న మూడు జిల్లేడు మొక్కలే ఇప్పుడు దగ్గర్లో ఉన్నవి. పండగ పూట కాదనలేరు, ఆకు అడుగున గుడ్లున్నాయి. ఆయన భూతద్దం పట్టుకుని మెట్ల దగ్గర నిలబడి, ఒక్కో ఆకు తిప్పి చూసి పంపారు. ఆవగింజకన్నా చిన్న తెల్ల గుడ్డు కనిపిస్తే ఆకు వెనక్కి. "నెత్తిన పెట్టుకోవడానికి ఇంకో ఆకు తీసుకోండమ్మా, దీని మీద ఇప్పటికే ఒకరున్నారు" అన్నారట. పంతొమ్మిది ఆకులు వెనక్కి వచ్చాయి.

కరివేపాకు వాళ్ళ కష్టం వేరే. ఆకు చాలక ఒక సభ్యురాలు నర్సరీలో రెండు కుండీలు కొని తెచ్చారు. నిగనిగలాడే ఆకు. పురుగులు ఇష్టంగా తిన్నాయి. సాయంత్రానికి ఒక్కొక్కటే ఆకుపచ్చ నీళ్ళు కక్కుకుంటూ వెనక కాళ్ళ మీద తలకిందులుగా వేలాడిపోయాయి. పదకొండు. మొక్కకు కొట్టిన మందు ఆకులోకి దిగి ఉంటుంది. అదే ఆకు ఆ వారం పోపులో వేసుకుని ఉండేవాళ్ళం కదా అన్నారు ఆవిడ, ఆ మాట తర్వాత గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. కొత్తగా కొన్న మొక్క పాత ఆకు పురుగుకు పెట్టవద్దు. మనుషుల విషయం మీరే ఆలోచించుకోండి.

ఇంకోసారి ఒక ప్యూపా నుంచి తెల్లటి దారం కిందికి వేలాడింది. పట్టుపోగు అనుకుని ఫొటోలు తీశాం. దారం చివర కాగితం మీద తెల్లటి పురుగు మెదులుతోంది. ఒక జాతి ఈగ మన పురుగు మీద ముందే గుడ్డు పెట్టిందట, దాని పిల్ల లోపలంతా తిని దిగింది. పిల్లలు ఏడ్చారు. పురుగుగా కాక గుడ్డుగా ఉన్నప్పుడే తెచ్చుకుంటే ఈ బెడద తక్కువ.

ఇన్నిటి తర్వాత ఒక పొద్దున, ఆరున్నరకు, మా ఇంట్లో మొదటిది బయటికొచ్చింది. ముందు రోజు దాకా లేతాకుపచ్చగా, నడుము మీద బంగారు చుక్కలతో ఉన్న ప్యూపా రాత్రికి గాజులా పలచబడి లోపలి కాషాయం కనిపించింది. పొద్దున చిన్న చీలిక, ముందు కాళ్ళు, తల, ఆ వెంటనే మొత్తం జారి ఖాళీ డొల్లకే వేలాడింది. రెక్కలు తడి గుడ్డ పిండినట్టు ముడుచుకుని ఉన్నాయి, పొట్ట మాత్రం ఉబ్బి ఉంది. పొట్ట కొద్దికొద్దిగా నొక్కుకుంటూ రెక్కల నరాల్లోకి నీరు ఎక్కించింది. పది పదిహేను నిమిషాల్లో రెక్క చాపలా పరుచుకుంది. మా అత్తగారు పాలు పొంగిపోతున్నా స్టవ్ ఆపకుండా నిలబడ్డారు. ఎండాక పదిన్నరకు కిటికీ తీశాం. పక్కింటి ట్యాంకు మీద వాలి, అక్కడి నుంచి లేచిపోయింది.

నవంబరు సమావేశంలో మన పెద్దాయన ఒకరు "మిద్దె తోట పెట్టింది పురుగుల్ని మేపడానికా? చారులోకి కరివేపాకు లేదు" అన్నారు. ఆయన అన్నది తప్పు కాదు. ఇంటికి ఒక మొక్క వంటకు, ఒక మొక్క పురుగులకు అని ఒప్పందం కుదిరింది. ఆయన ఇంట్లో మాత్రం రెండూ వంటకే, దానికీ ఒప్పుకున్నాం.

కార్యదర్శిగా నా అభిప్రాయం కూడా రాస్తాను, నచ్చనివాళ్ళు సమావేశంలో అనవచ్చు. సీతాకోకచిలుకల్ని కాపాడుతున్నాం అని వాట్సాప్‌లో పెట్టుకోవడం మానేద్దాం. ప్లెయిన్ టైగర్‌కు మన అవసరం లేదు, జిల్లేడు ఉన్న చోటల్లా అది ఉంది. వలసపోయే మోనార్క్ నిజంగానే ప్రమాదంలో ఉంది, 2022లో అంతర్జాతీయ ఎర్ర జాబితాకెక్కింది. అయినా ఇళ్ళలో గంపగుత్తగా పెంచవద్దని అక్కడి నిపుణులే చెబుతున్నారు. కిక్కిరిసిన పెట్టెలో ఒకదాని రోగం అన్నిటికీ అంటుతుంది. ఇంట్లో పెరిగినవి వలసకు దక్షిణ దిక్కు పట్టలేకపోయాయని 2019లో ఒక అధ్యయనం కూడా వచ్చింది. మనం పెంచుతున్నది చూడటానికి. చూడటానికైతే నాలుగు చాలు, నలభై అక్కర్లేదు.

కాబట్టి కార్యవర్గం ప్రతిపాదన: ఇంటికి ఒక విడతలో నాలుగుకు మించి వద్దు. కొనడం, అమ్మడం, అట్టకు గుండుసూదితో గుచ్చడం వద్దే వద్దు. 1972 నాటి వన్యప్రాణి చట్టం కొన్ని సీతాకోకచిలుకలకు కూడా వర్తిస్తుంది. పెట్టెల మీద పెట్టే శ్రద్ధ మొక్కల మీద పెడదాం. జిల్లేడు డ్రముల్లో బాగానే పెరుగుతోంది. ఆముదం, నిమ్మ, మారేడు కూడా పెట్టుకోవచ్చు, తేనెకు నూరువరహాలు, బంతి. దోమల పొగబండి వచ్చినప్పుడు దాన్ని ఆపమని ఎవరూ గొడవ పడవద్దు, డెంగీ ఇంట్లో ఉన్నవాళ్ళకు తెలుస్తుంది. ఆ పూట పెట్టెను లోపలి గదిలోకి తీసుకెళ్ళి తలుపులు వేయండి.

జమాఖర్చుల్లో "పురుగుల పెట్టెలు, దోమతెర, దూది, 640 రూపాయలు" అన్న పద్దును ఆడిటరు గారు రెండుసార్లు గీత గీసి అడిగారు. వివరణ జతచేశాం. ఒక ఖాళీ ప్యూపా డొల్ల కూడా జతచేశాం, ఆయన దాన్ని తిరిగి ఇవ్వలేదు.

సర్వసభ్య సమావేశం ఎప్పటిలాగే ఆదివారం పది గంటలకు, కమ్యూనిటీ హాల్లో. వచ్చేవాళ్ళు రెండో కిటికీ తలుపు మూయవద్దు. చట్రానికి లోపలి వైపు ఒకటి వేలాడుతోంది, శనివారానికే రంగు మారుతున్నట్టుంది.

— కార్యదర్శి