పై బెర్తుకు ఎనిమిదంగుళాల పరుపా?

సంపాదకులకు నమస్కారం.

పండగలు దగ్గర పడితే పత్రిక తిరగేసినప్పుడల్లా పరుపుల ప్రకటనలే. ఎనిమిదంగుళాలు, పదంగుళాలు, పరుపు కొంటే రెండు దిండ్లు ఉచితం. చుట్టాల గదికో, ఒకదాని మీద ఒకటిగా రెండు పడకలుండే పిల్లల బంకర్ మంచానికో పలుచటి పరుపు చాలనుకుని బయల్దేరినవాళ్ళు కూడా ఇవి చూసి మనసు మార్చుకుంటున్నారు. పలుచటిది నాసిరకమన్న నమ్మకం అంతగా పాతుకుపోయింది. చుట్టాల గదిలో ఈ నమ్మకం వల్ల పోయేది డబ్బే. బంకర్ మంచం దగ్గర మాత్రం పిల్లలు కింద పడతారు. పరుపులు కుట్టి అమ్మే వృత్తిలో ఉన్నవాళ్ళంగా, కొనేవాళ్ళకు పనికొచ్చే నాలుగు మాటలు రాస్తున్నాం.

పై బెర్తు పరుపు మందాన్ని తేల్చేది పడుకునేవాడి నడుము కాదు, పక్కనున్న రెయిలింగ్. అమెరికా నిబంధన ప్రకారం పరుపు పైభాగం నుంచి రెయిలింగ్ పై అంచు దాకా కనీసం 5 అంగుళాలు ఉండాలి. ఐరోపా ప్రమాణం ఈఎన్ 747 అయితే 16 సెంటీమీటర్లు అడుగుతుంది, అంటే ఆరంగుళాల పైచిలుకు. మన దేశ ప్రమాణాల సంస్థ బీఐఎస్ కూడా బంకర్ మంచాలకు విడిగా ఐఎస్ 17636 తెచ్చింది. కొలవడం రెండు నిమిషాల పని. పరుపు తీసేసి, చెక్క మీద టేపు ఆనించి, రెయిలింగ్ పై అంచు దాకా చూడండి. 11 అంగుళాలు వచ్చిందనుకుందాం. ఆరు వదిలేస్తే మిగిలేది ఐదు. పరుపు, దాని మీద పరిచే బొంత, రెండూ ఆ ఐదులోనే సర్దుకోవాలి. వెల్డింగ్ షాపులో చేయించిన ఇనుప మంచాల్లో రెయిలింగ్ ఎనిమిదంగుళాలే ఉంటే, అమెరికా లెక్కన ఐదే వదిలినా మూడంగుళాలకు మించి పరుపు వేయడానికి వీల్లేదు. అంత పలుచటి దాని మీద పెద్దవాళ్ళకు నిద్ర పట్టదు కాబట్టి రెయిలింగ్‌కు ఇంకో పైపు వెల్డింగ్ చేయించడమే దారి. పైపుకూ పైపుకూ మధ్య సందు మూడున్నర అంగుళాలు దాటకూడదు. గోడ వైపు కూడా రెయిలింగ్ ఉండాలి, ఎందుకంటే మంచం మెల్లగా జరిగి గోడకూ దానికీ మధ్య ఖాళీ ఏర్పడుతుంది. ఆరేళ్ళ లోపు పిల్లలను ఏ పరుపు వేసినా సరే, పైన పడుకోబెట్టొద్దు.

ఇక్కడే ఇంకో మాట. మన ఇళ్ళలో గది నడుమ సీలింగ్ ఫ్యాన్ తిరుగుతుంటుంది. విదేశీ డిజైన్ చూసి మంచం చేయించేటప్పుడు ఫ్యాన్ సంగతి ఎవరికీ గుర్తుండదు. 48 అంగుళాల ఫ్యాన్ రెక్క మధ్య నుంచి రెండడుగులు వస్తుంది. పై బెర్తు మీద మోకాళ్ళ మీద లేచి దుప్పటి దులిపే పిల్లవాడి చెయ్యి దాన్ని అందుకోవడానికి ఎంతో సేపు పట్టదు. మంచం ఉన్న గదిలో గోడ ఫ్యాన్ పెట్టించడం మేలు. పరుపు నాలుగంగుళాలు పెరిగితే పిల్లవాడి తల కూడా అంతే పైకి వెళుతుందని మరవొద్దు.

తర్వాతి చిక్కు వెడల్పు. ‘ఫుల్ సైజ్’ అనేది అమెరికా కొలత, 54 అంగుళాల వెడల్పు, 75 అంగుళాల పొడవు. మన షాపుల్లో డబుల్ అంటే 48 వెడల్పు. పొడవు 72, 75, 78లో ఏదైనా కావచ్చు. దాని పైది 60. మధ్యలో 54 సిద్ధంగా దొరకడం అరుదు. ఆన్‌లైన్‌లో చూసిన బొమ్మ ప్రకారం 54 వెడల్పున మంచం చేయించి, దొరికిన 48 పరుపు వేస్తే పక్కన ఆరంగుళాల సందు మిగులుతుంది. కింది మంచమైతే దిండు జారిపోతుంది, అంతే. పై బెర్తులో ఆ సందులోకి పిల్లవాడి కాలో, ఒళ్ళో జారుతుంది. ఫోమ్ పరుపును దిమ్మ నుంచి కోస్తారు కాబట్టి కావలసిన కొలతకు చేయించుకోవచ్చు. స్ప్రింగ్ పరుపుకు ఆ వీలు తక్కువ. కార్పెంటర్ ‘ఆరుంపావు బై నాలుగు’ అన్నాడని 75 బై 48 ఆర్డర్ ఇచ్చేయకండి. అది మంచం బయటి కొలతో, లోపలి కొలతో అతన్నే అడగండి. ఫ్రేమ్ లోపల తల వైపు, మధ్యలో, కాళ్ళ వైపు మూడు చోట్లా కొలిచి, అందులో తక్కువ దాని కంటే అరంగుళం తగ్గించి చెప్పండి. అంతకు మించి తగ్గించొద్దు.

ఇక లోపల ఏముందన్నది. పలుచటి పరుపులో తప్పు దాచుకోవడానికి చోటుండదు. ఎనిమిదంగుళాల దాంట్లో ఒక పొర చచ్చినా మిగతావి మోస్తాయి. నాలుగంగుళాల దాంట్లో పొర కుంగితే తుంటి వెళ్ళి చెక్కకు తగులుతుంది. అందుకే పలుచటి పరుపుకే మంచి సరుకు కావాలి. షాపుల్లో ‘32 డెన్సిటీ’, ‘40 డెన్సిటీ’ అంటారు. అంటే ఘనమీటరు ఫోమ్ అన్ని కిలోలు తూగుతుందని. చాలామంది 40 అంటే గట్టిది అనుకుంటారు. గట్టితనం వేరు, డెన్సిటీ వేరు. 40లోనూ మెత్తటి ఫోమ్ ఉంటుంది. డెన్సిటీ ఎక్కువైతే ఎక్కువ కాలం కుంగకుండా ఉంటుంది, అదీ దాని వల్ల లాభం.

మాట నిజమో కాదో తూకం చెబుతుంది. పొడవు, వెడల్పు, మందం అంగుళాల్లో గుణించి 61,000తో భాగిస్తే ఘనమీటర్లు వస్తాయి. దాన్ని డెన్సిటీతో గుణించండి. 72 బై 48, నాలుగంగుళాల ఫోమ్ అయితే 0.2265 ఘనమీటర్లు. 32 డెన్సిటీది ఏడుంపావు కిలోలు, 40 డెన్సిటీది తొమ్మిది కిలోలు ఉండాలి. ఐదు కిలోల చిల్లర తూగితే మీకిచ్చింది 23 డెన్సిటీ. పై గుడ్డ బరువు వేరు, కాబట్టి జిప్ తీసి ఫోమ్ ఒక్కటే తూచమనండి. ఈ లెక్కకూ ఒక తిరకాసు ఉంది. బరువు పెరగడానికి ఫోమ్‌లో సుద్ద పొడి కలిపేవాళ్ళున్నారు. అంచును వేళ్ళ మధ్య గట్టిగా నలిపితే తెల్లటి పొడి రాలితే అదే. అలాంటి ఫోమ్ తూకంలో నెగ్గుతుంది, కానీ త్వరగా పొడిపొడిగా విరుగుతుంది. తుక్కు ఫోమ్ ముక్కలను జిగురుతో అదిమి చేసే రీబాండెడ్ కూడా బాగా బరువే, దాని డెన్సిటీ 80, 100 దాకా వెళుతుంది. రంగురంగుల ముక్కలు కనిపిస్తే అదని తెలిసిపోతుంది. రీబాండెడ్ చెడ్డదేమీ కాదు, అడుగున వేయడానికి దాన్ని మించింది లేదు. దాని ఒక్కదాని మీదే పడుకుంటే మాత్రం బల్ల మీద పడుకున్నట్టుంటుంది.

జాగ్రత్త పడాల్సింది ఈపీఈ షీటుతో. టీవీ పెట్టెల్లో ప్యాకింగ్‌కు వాడే తెల్లటి ఫోమ్ అది. చవక పరుపుల్లో నడుమ పెట్టి, పైన అంగుళం మెత్తటి ఫోమ్ వేసి, మీద ‘ఆర్థో’ అని ముద్రిస్తారు. షాపులో గట్టిగా, బాగానే అనిపిస్తుంది. బరువు పడిన చోట ఒకసారి అణిగితే మళ్ళీ లేవదు. జిప్ లేని పరుపులో లోపల ఏముందో చూడలేరు కాబట్టి పలుచటి పరుపు జిప్ ఉన్నదే అడగండి.

మా సలహా ఇది. పిల్లల పై బెర్తుకు నాలుగంగుళాలు, 40 డెన్సిటీ, ఒకే పొర. పెద్దవాళ్ళు పడుకునే చుట్టాల గదికి ఐదంగుళాలు: అడుగున మూడంగుళాల రీబాండెడ్, పైన రెండంగుళాల 40 డెన్సిటీ ఫోమ్. మెమరీ ఫోమ్ కావాలంటే పైన అంగుళానికి మించొద్దు. అది వేడికి మెత్తబడే సరుకు. విజయవాడ మే నెలలో, ఏసీ లేని గదిలో రెండంగుళాల మెమరీ ఫోమ్ అసలు మోయదు. స్ప్రింగ్ పరుపు నాలుగంగుళాల్లో అడగనే వద్దు. కొనే ముందు షాపులో వెల్లకిలా కాదు, పక్కకు తిరిగి పది నిమిషాలు పడుకోండి. బరువంతా తుంటి మీద, భుజం మీద పడుతుంది, అడుగు తగిలేది అప్పుడే. ఇంట్లో అందరికంటే బరువైన మనిషే పడుకుని చూడాలి.

కోనసీమ కొబ్బరి పీచుతో పరిచయమున్న మనవాళ్ళకు కాయర్ మీద మోజు సహజం. రబ్బరు పాలు చల్లి అదిమిన కాయర్‌లో గాలి ఆడుతుంది, ఉక్కపోతలో ఒళ్ళు చెమర్చదు. కానీ అదే కొలతలో ఫోమ్‌కు రెండింతలకు పైగా బరువు. పై బెర్తు మీద దుప్పటి మార్చేవాళ్ళకు ఆ కష్టం తెలుస్తుంది. పట్టీల మధ్య సందు ఎక్కువున్న మంచం మీద పలుచటి కాయర్ వంగి, పీచు విరిగి, కింది మంచం మీద పొట్టు రాలుతుంది. పండగ అయ్యాక మడిచి అటక మీద పెడదామంటే మడత దగ్గర తెగిపోతుంది. ఎప్పుడూ పరిచే ఉంచే దివాన్ మీద కాయర్ బాగుంటుంది, బంకర్‌కు వద్దు.

మడిచి పెట్టుకునేదే కావాలంటే మూడు మడతలది తీసుకోండి. 72 అంగుళాల పరుపు మూడు ముక్కలైతే అతుకులు 24 దగ్గర, 48 దగ్గర వస్తాయి. తుంటి మధ్య ముక్క మీద పడుతుంది. రెండు మడతల దాంట్లో అతుకు 36 దగ్గర, సరిగ్గా తుంటి కిందే. చుట్టం పొద్దున్నే నడుము పట్టుకుని లేచేది అందుకే.

పరుపు కింద ఏముందన్నది కూడా అంతే ముఖ్యం. చెక్క పట్టీల మధ్య సందు మూడంగుళాలు దాటితే పలుచటి ఫోమ్ ఆ సందుల్లోకి దిగుతుంది. అప్పుడు 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ వేయించి స్క్రూలు బిగించండి. ఊరికే పరిస్తే జారుతుంది. ప్లై అరంగుళం మందం, రెయిలింగ్ లెక్కలో అదీ తీసేయాలి. దానికి ఏడెనిమిది అంగుళాలకు ఒకటి చొప్పున అంగుళం రంధ్రాలు పెట్టించండి. లేకపోతే ఒంటి చెమ్మ పలుచటి పరుపు గుండా దిగి చెక్క దగ్గర ఆగిపోతుంది. విశాఖ, కాకినాడ వంటి తీరపు ఊళ్ళలో వానాకాలంలో పరుపు అడుగున నల్లటి బూజు మచ్చలు వచ్చేది ఇందుకే.

పెద్దవాళ్ళు వచ్చే గదిలో చూడాల్సింది నేల నుంచి పరుపు పైభాగం దాకా ఎత్తు. అది 18 నుంచి 20 అంగుళాలుంటే కూర్చున్నప్పుడు పాదాలు నేలకు ఆనుతాయి, మోకాళ్ళ మీద భారం లేకుండా లేవగలరు. మంచం పొట్టిదైతే దాని కాళ్ళు ఎత్తు చేయించండి, ఎత్తు కోసం పరుపు మందం పెంచితే ఖర్చు తప్ప ఫలితం లేదు.

పరుపును ఎండలో వేయడం మనకు తరతరాల అలవాటు. దూది పరుపుకు అది ప్రాణం, దూది పొంగుతుంది. ఫోమ్‌కు అదే ఎండ శత్రువు. పసుపెక్కి, పెళుసుబారి రాలిపోతుంది. ఫోమ్‌ను నీడలో, గాలి తగిలేలా నిలబెట్టండి చాలు. ప్లాస్టిక్ కవర్‌లో చుట్టి అటకెక్కించకండి, చెమ్మ లోపలే ఉండిపోతుంది. పాత నూలు దుప్పటి చుట్టండి. చుట్టగా వచ్చిన కొత్త పరుపు పూర్తిగా విచ్చుకోవడానికి, వాసన పోవడానికి రెండు రోజులు పడుతుంది, చుట్టాలు దిగే రోజు విప్పితే కుదరదు.

అమెరికాలో పిల్లల దగ్గరికి ఆర్నెల్లు ఉండటానికి వెళ్ళే తల్లిదండ్రుల కోసం అక్కడి తెలుగు ఇళ్ళలో పైన ట్విన్, కింద ఫుల్ ఉండే బంక్ బెడ్ కొంటున్నారు. ట్విన్ అంటే 38 బై 75. రెయిలింగ్ లెక్క పైదానికే వర్తిస్తుంది, కిందిది మందంగా ఉన్నా ఫర్వాలేదు, లేచి కూర్చుంటే పై బెర్తుకు తల తగలకపోతే చాలు. ఇక్కడ జిప్ తీసి చూడమన్నాం కానీ అక్కడ ఆ పని చేయొద్దు. చవక ఫోమ్ పరుపులు కొన్నింటిలో నిప్పంటుకోకుండా లోపలి గుడ్డలో గాజు పీచు నేస్తారు. ఉతుకుదామని పై గుడ్డ విప్పితే ఆ పీచు గదంతా ఎగిరి ఒళ్ళు, కళ్ళు దురదలు పెడతాయి. విప్పొద్దని లేబుల్ మీద ఉంటే విప్పొద్దు.

గ్యారంటీ కార్డు కూడా చదవండి. అంగుళం లోపు గుంట పడితే అది లోపం కాదని చాలా కార్డుల్లో ఉంటుంది. పదంగుళాల పరుపుకు అంగుళం పదో వంతు, నాలుగంగుళాల దానికి పావు వంతు. పలుచటి పరుపు కొనేవాళ్ళు ఆ అంకె తగ్గించమని బేరమాడాలి. బిల్లు మీద పొడవు, వెడల్పు, ఒక్కో పొర మందం, డెన్సిటీ రాయించుకోండి. నోటి మాటకు విలువ లేదు.

అమెరికాలో బంక్ బెడ్ మీదే ఒక లేబుల్ అంటించి ఉంటుంది: పై బెర్తుకు ఎంత పొడవు, వెడల్పు పరుపు వేయాలి, మందం ఎంత మించకూడదు అని. మన దగ్గర మంచాలు చేసే వెల్డింగ్ షాపులు, ఫర్నిచర్ షాపులు రెయిలింగ్ మీద పెయింటుతో ఆ మూడు అంకెలు రాయడానికి నిమిషం పట్టదు. ప్రకటనలు వేసుకునేటప్పుడు ‘ఎన్ని అంగుళాలు’ అన్నదాని పక్కనే ‘ఏ డెన్సిటీ, ఎన్ని పొరలు’ అని కూడా వేయమని కంపెనీలను మీ పత్రిక అడగాలని మా విన్నపం.

ఇట్లు,
పరుపుల తయారీ వృత్తిలో ఉన్నవాళ్ళం,
కాకినాడ