టైర్లలో గాలి ఒత్తిడి తప్పుగా పెట్టినందుకు, ఆ తప్పు నా మీద వేసినందుకు ఫిర్యాదు

బెంగళూరు

కస్టమర్ కేర్ విభాగం మేనేజర్ గారికి,

విషయం: నా ఫోర్ వీల్ డ్రైవ్ వాహనం టైర్ల అకాల అరుగుదల, మీ తిరస్కరణ లేఖ.

ఆర్యా,

మారతహళ్లి వైపున్న మీ సర్వీస్ సెంటర్‌లో నిరుడు నాలుగు కొత్త టైర్లు వేయించుకున్నాను. 18,000 కిలోమీటర్లు తిరిగేసరికి నాలుగింటికీ ట్రెడ్ (రోడ్డును తాకే గాళ్ల పొర) నడిమి భాగం నున్నగా అరిగిపోయింది. అంచులు మాత్రం దాదాపు కొత్తవాటిలాగే ఉన్నాయి. మార్చి ఇమ్మని అడిగితే, యజమాని గాలి సరిగా చూసుకోనందువల్ల జరిగిన అరుగుదల అని ఒక్క వాక్యంలో తిరస్కరించారు. ఆ గాలి ఎంత ఉండాలో నిర్ణయించింది మీ సిబ్బందే.

టైర్లు వేసిన రోజుదీ, తర్వాత రెండుసార్లు వీల్ అలైన్‌మెంట్‌కు వచ్చినప్పటివీ, మొత్తం మూడు జాబ్ కార్డులు నా దగ్గర ఉన్నాయి. మూడింటిలోనూ నాలుగు టైర్లకూ 44 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలమానం) అని మీవాళ్ల చేతిరాతలో ఉంది. ఇంత గాలి ఎందుకని మొదటి రోజే అడిగితే, మీ మెకానిక్ టైరు పక్కన అచ్చుపోసిన అంకెను వేలితో చూపించి, "పెద్ద బండి కదా సార్, ఉండాలి" అన్నాడు. నమ్మాను. డ్రైవరు తలుపు తీస్తే కనబడే స్టిక్కరును మీ తిరస్కరణ అందాక గానీ చదవకపోవడం నా పొరపాటే. అందులో మామూలు బరువుకు నాలుగింటికీ 33, నిండా మనుషులూ సామానూ ఉంటే వెనక టైర్లకు 38 అని స్పష్టంగా ఉంది. టైరు మీది అంకె ఆ టైరుకు గరిష్ఠ పరిమితి మాత్రమే. అదే టైరు వేరే బరువున్న వేరే బండికీ పడుతుంది కనుక, ఎంత గాలి కావాలో బండి తయారుచేసినవారు చెప్పాలి గానీ టైరు చెప్పలేదు.

స్టిక్కరు మీది అంకె చల్లారిన టైరుకు, అంటే కనీసం మూడు గంటలు కదలకుండా నిలిపి ఉంచిన బండికి వర్తిస్తుంది. నేను ఇంటి నుంచి పదిహేను కిలోమీటర్లు నడుపుకుంటూ వచ్చాను కనుక, మీరు కొలిచిన 44 చల్లారాక 40 దగ్గరకు దిగి ఉండవచ్చునని మీ పక్షాన నేనే ఒప్పుకుంటాను. అయినా ఏడు పీఎస్‌ఐ ఎక్కువే. గాలి అంత ఎక్కువైతే టైరు నడిమి భాగం ఉబ్బి, బండి భారమంతా ఆ మధ్య పట్టీ మీదే పడుతుంది. రోడ్డును పట్టుకునే మేర కూడా తగ్గుతుంది. వానలో ఔటర్ రింగ్ రోడ్డు మీద బ్రేకు వేసినప్పుడు బండి రెండుసార్లు జారింది. అప్పట్లో నా డ్రైవింగ్‌నే తప్పుపట్టుకున్నాను.

మీ ప్రతినిధి ఫోనులో ఇంకో వాదన తెచ్చారు: నేను ఇసుకలో నడుపుతాను కనుక టైర్లు పాడయ్యాయట. నిజమే, తాడిపత్రి దగ్గర మా పొలానికి పెన్న ఇసుకలోంచి వెళ్లాలి. అక్కడ గాలిని 18 పీఎస్‌ఐకి దించుతాను. గాలి తగ్గితే టైరు పొడవుగా పరుచుకుని ఇసుకలో దిగబడదు. తిరిగి తారు రోడ్డెక్కే ముందు నా చిన్న కంప్రెసర్‌తో మళ్లీ నింపుతాను, అదీ మీరు చెప్పిన 44కే. గాలి తక్కువై నడిపితే అరిగేవి రెండు అంచులు, నడిమి భాగం కాదు. నా టైర్లు చూసినవారెవరికైనా ఏది జరిగిందో తెలుస్తుంది.

బాగా అరిగిన రెండింటిని మాత్రం సగం ధరకు మారుస్తామన్న మీ ప్రతిపాదన నాకు సమ్మతం కాదు. రెండు కొత్తవీ రెండు అరిగినవీ కలిస్తే చుట్టుకొలతలు తేడా వస్తాయి. అలా ముందు, వెనక టైర్ల చుట్టుకొలతలు తేడాగా ఉన్న బండిని ఫోర్ వీల్ డ్రైవ్‌లో (నాలుగు చక్రాలనూ ఇంజిను తిప్పే పద్ధతిలో) పెడితే, ఆ తేడా భారమంతా గేర్ల మీదా షాఫ్టుల మీదా పడుతుంది. టైర్ల వ్యాపారంలో ఉన్నవారికి ఇది నేను చెప్పాల్సి రావడం విడ్డూరంగా ఉంది.

కనుక నాలుగు టైర్లనూ మీ ఖర్చుతో మార్చాలనీ, తిరస్కరణ లేఖలో నా మీద మోపిన కారణాన్ని లిఖితపూర్వకంగా ఉపసంహరించుకోవాలనీ, ఇకపై జాబ్ కార్డులో స్టిక్కరు మీది అంకెనూ, నింపిన అంకెనూ పక్కపక్కనే రాయించాలనీ కోరుతున్నాను. పదిహేను రోజుల్లో సమాధానం రాకపోతే, వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద సేవాలోపంగా జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేస్తాను. జాబ్ కార్డుల నకళ్లు, టైర్ల ఫోటోలు, తలుపు స్టిక్కరు ఫోటో జతచేశాను.

ఇట్లు,
మీ వినియోగదారుడు