ఏరేటర్ చప్పుడు

ఒరేయ్ మామా,

ఎలా ఉన్నావురా? రెండు వారాలుగా నీ మెసేజ్‌లకి జవాబివ్వలేదు, కోపంగా ఉండుంటావు. ఫోన్‌లో అయితే సగం మాటలు మింగేస్తానని ఉత్తరం రాస్తున్నా. షూటింగ్ అయిపోయిందిరా! 6 రాత్రులు, నలుగురం మనుషులం, ఒక అద్దె కెమెరా, మా మేనమామ రొయ్యల గుంట. ఎడిటింగ్ అయ్యాక 18 నిమిషాలు వచ్చేటట్టుంది.

భయపెట్టే సినిమానే గానీ ఇందులో దెయ్యం లేదు. మైపాడు దగ్గర గుంటల మీద రాత్రి కాపలా ఉండే కుర్రాడి కథ. గట్టు మీద రేకుల షెడ్డు, ఒక మంచం, టార్చిలైటు, పక్కన జనరేటర్, అంతే. పగలంతా నీళ్లలో ఆక్సిజన్ ఇచ్చే నాచే రాత్రయ్యేసరికి దాన్ని పీల్చేసుకుంటుంది కదా, అందుకే తెల్లవారుజామున గండం. నీళ్లలో ఆక్సిజన్ లీటరుకి 3 మిల్లీగ్రాముల కిందకి పడిపోతే రొయ్యలు నీరసిస్తాయి, ఇంకా పడితే ఊపిరాడక నీళ్ల పైకి వచ్చేస్తాయి. సరిగ్గా అప్పుడే కరెంటు పోయి, జనరేటర్ అందుకోకపోతే, అప్పు తెచ్చి వేసిన పంట తెల్లారేసరికి పోయినట్టే. కాబట్టి వాడు నిద్రపోయినా చెవి మాత్రం ఏరేటర్, అదే నీళ్లు చిమ్మి గాలి కలిపే చక్రాల మిషను, దాని చప్పుడు మీదే ఉంటుంది. ఒక రాత్రి ఆ చప్పుడు ఆగిపోతుంది. పరిగెత్తుకుంటూ వెళ్లి చూస్తే చక్రాలు తిరుగుతూనే ఉంటాయి, నీళ్లు చిమ్ముతూనే ఉంటాయి, వాడికి మాత్రం ఏమీ వినపడదు.

ఆ సీన్ తీసేటప్పుడు నా చేతులు వణికాయిరా. ఎందుకో నీకు చెప్పక్కర్లేదు.

గుండె చప్పుడు పెడదామని మావాళ్లు ఎంత చెప్పినా నేను ఒప్పుకోలేదు. ఆ రాత్రి నాకు గుండె వినపడలేదు, మిగతా ప్రపంచం వినపడకుండా పోయింది, అంతే. అందుకే సౌండు మొత్తం తీసేసి, షెడ్డులో ట్యూబులైటుని వాడుకున్నాం. మన కరెంటు 50 హెర్ట్జ్, ట్యూబులైటు కంటికి తెలియకుండా ఆ లయలోనే మినుకుమంటుంది కాబట్టి కెమెరా షటర్ సెకనులో 1/50 వంతు దగ్గర పెడితే వెలుతురు నిలకడగా ఉంటుంది. మేం కావాలనే దాన్ని తప్పించాం. గోడ మీద నల్లటి చారలు మెల్లగా పాకుతూ కనపడ్డాయి. చూసేవాడికి ఏం తేడాగా ఉందో తెలియదు గానీ కుదురుగా కూర్చోలేడు. నా ఒంట్లో అప్పుడు జరిగింది అచ్చం అదే.

తర్వాత ఆసుపత్రి సీను. ఈసీజీ తీసి, "ఏం లేదు, గ్యాస్, ఇంటికెళ్లు" అంటారు చూడు, అదే నా సినిమాలో అన్నిటికంటే భయంకరమైన మాట. వేళ్లు కొంకర్లు పోయి ఫోన్ లాక్ కూడా తియ్యలేకపోయిన మనిషికి ఏం లేదంటే ఎట్లారా? నెలల తర్వాత మానసిక వైద్యుడి దగ్గరకి వెళ్తే గానీ దాన్ని పానిక్ ఎటాక్ అంటారని తెలియలేదు. ఆదరాబాదరా ఊపిరి తీస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుందట, అందుకే వేళ్లు తిమ్మిరెక్కి బిగుసుకుపోతాయట. మామూలుగా 10 నిమిషాల లోపే భయం పైకెక్కి, తర్వాత మెల్లగా దిగుతుందట. ఈ ముక్క ఆ రాత్రే ఎవరైనా చెప్పుంటే!

అమ్మ పాత్ర గురించి మాత్రం చాలా గొడవపడ్డాం. గాలి సోకిందని దిష్టి తీయడం, కసుమూరు దర్గాకి తీసుకెళ్లి తాయెత్తు కట్టించడం, అవన్నీ ఉన్నాయి. అక్కడే భయంకరమైన మ్యూజిక్ పెడదామన్నాడు ఎడిటర్. నేను కుదరదన్నా. మా అమ్మ దారి పొడవునా బస్సులో నా తల ఒళ్లో పెట్టుకుని కూర్చుందిరా, ఆమెకి తెలిసిన మందు అదే. తాయెత్తు కట్టేటప్పుడు ముడి పడక ఆమె పళ్లతో దారం లాగుతుంది, కెమెరా ఆ చేతుల మీదే ఉంటుంది. ఆ షాట్‌కి మ్యూజిక్ లేదు.

చివర్లో టెలీ మానస్, అదే మానసిక ఇబ్బందులకి ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్, దాని నంబరు 14416 వేస్తున్నాం. 2022 అక్టోబరులో మొదలైంది, డబ్బులేం కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు. గుంటల కాడ పడుకునే కుర్రాళ్లకి కూడా ఫోన్ ఉంటుంది కదా.

ఇప్పుడు అసలు విషయం. బండి మీద ఆసుపత్రికి తీసుకెళ్లే సీను ఇంకా డబ్బింగ్ కాలేదు. ఆ రాత్రి మైపాడు రోడ్డు నుంచి నెల్లూరు దాకా నువ్వు ఒక్క నిమిషం కూడా నోరు మూయలేదు, అది గుర్తుంది. ఒక చేత్తో నా రెండు చేతులూ నీ నడుం దగ్గర పట్టుకునే బండి నడిపావు, అదీ గుర్తుంది. ఏం మాట్లాడావో ఒక్క ముక్క గుర్తులేదురా. నేనే ఏదో ఒకటి రాద్దామని నాలుగుసార్లు కూర్చున్నా, అన్నీ సినిమా డైలాగుల్లాగే వస్తున్నాయి. నీకు గుర్తున్నంత వరకు వాయిస్ మెసేజ్ పెట్టు. తిట్లుంటే తిట్లు కూడా పెట్టు. శనివారం లోపు కావాలి.

నీ
మామ