మన కాలనీ సంఘం వార్షిక నివేదిక, 2024–25
(సర్వసభ్య సమావేశానికి కార్యదర్శి సమర్పించినది)

గౌరవనీయులైన అధ్యక్షులవారికి, కార్యవర్గ సభ్యులకు, ఆలస్యంగానైనా వచ్చి వెనక వరసలో కూర్చున్న మిగతా సభ్యులకు నమస్కారం.

సంఘం ఎందుకు పెట్టుకున్నామో మీకు తెలిసిందే కాబట్టి ఆ సోదిలోకి వెళ్ళను. వినాయక చవితి ఎప్పట్లాగే మట్టి విగ్రహంతో చేశాం. సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఇళ్ళు మునిగినప్పుడు రెండు రోజుల్లో బియ్యం, దుప్పట్లు, పాలపొడి పోగుచేసి పంపాం. సంక్రాంతికి భోగిమంట, ముగ్గుల పోటీ జరిగాయి. ముగ్గుల తీర్పు మీద వచ్చిన అభ్యంతరాలు నా దగ్గర రాతపూర్వకంగా ఉన్నాయి. ఇక్కడ చదవను.

ఇక మిగిలిన నివేదిక అంతా పిల్లల సినిమా గురించే. "ఏటీ, సంఘమా, సినిమా కంపెనీయా?" అని కిందటి మీటింగులో అడిగినవారు కాస్త ఓపిగ్గా వినాలి.

వేసవి సెలవుల్లో పిల్లలు ఫోన్లు పట్టుకుని ఇళ్ళలో పడి ఉంటున్నారని మీరే అన్నారు. ఆ ఫోనుతోనే ఏదో ఒకటి చేయిద్దామని ఆరుగురు మన కాలనీ పిల్లలు, ఐదుగురు పెద జాలరిపేట పిల్లలు కలిసి షార్ట్ ఫిల్మ్ తీస్తామంటే కార్యవర్గం ఒప్పుకుంది. అందరూ ఇంటర్, డిగ్రీ చదివేవాళ్ళే. కథ జాలరిపేట అమ్మాయిది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్లకు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని 61 రోజులు బోట్లు కదలవు. ఊళ్ళో మనకి అది పేపర్లో ఒక వార్త, చేప రేటు పెరిగిందని ఒక విసుగు. ఆ అమ్మాయి కథలో పిల్లాడికి మాత్రం అది పండగ. ట్రిప్పుకి వెళ్తే పదీ పదిహేను రోజులు కనపడని నాన్న, ఆ 61 రోజులూ ఇంట్లోనే ఉంటాడు. అమ్మకేమో అవి అప్పుల రోజులు. ఆ కథ మొదటిసారి చదివిన రోజు మన కోశాధికారి గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకోవడం నేను చూశాను. ఆయన ఒప్పుకోరు.

పేరు "అరవై ఒక్క రోజులు" అని పెట్టుకున్నారు. మొదట రాసుకొచ్చింది 23 పేజీలు. పేజీకి సుమారు నిమిషం సినిమా అని లెక్క. అంత తీయలేమని రిటైరైన డ్రాయింగు మాష్టారు పక్కన కూర్చుని 13 పేజీలకు కోయించారు. షాట్లన్నీ ఆయనే చిన్న చిన్న బొమ్మలుగా గీసిచ్చారు. ఆయన ఋణం తీర్చుకోలేం.

షూటింగుకి అనుమతి కోసం ఒక కార్యాలయం చుట్టూ నాలుగుసార్లు తిరిగాను. మొదటిసారి ఎన్నికల కోడ్ ఉందన్నారు, సరే. మే 13న పోలింగ్ అయిపోయాక వెళ్తే కౌంటింగ్ కానివ్వండి అన్నారు. జూన్ 4 తర్వాత వెళ్తే సారు మారిపోయారు, కాగితం మళ్ళీ మొదటినుంచి పెట్టుకోమన్నారు. పిల్లలు పేట పెద్దల్ని అడిగి, పేటలోనూ ఇళ్ళలోనూ తీయాల్సినవి ఈలోగా తీసేసుకున్నారు. మా కాగితం ఇప్పటికీ ఆ బల్ల మీదే ఉండి ఉంటుంది. ఒక సభ్యుడు తన బావమరిది డ్రోన్ ఇస్తానన్నాడు. తూర్పు నౌకాదళం ఉన్న ఊరిలో సొంత పెళ్ళి వీడియోకి డ్రోన్ లేపినట్టు లేపితే ఏమవుతుందో పిల్లలకు నేనే చెప్పాను. పైనుంచి కావాల్సిన షాటు కైలాసగిరి ఎక్కి, అక్కణ్ణుంచి తీరం వంపు అంతా కనిపించేలా తీశారు. డ్రోన్ డబ్బా తెరవకుండానే తిరిగిచ్చేశాం.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. వాలంటీర్ల వాట్సాప్ గ్రూపులో 34 మంది ఉన్నారు. "రేపు తెల్లవారుజామున 4 గంటలకు బీచ్ దగ్గర" అని పెడితే 19 మంది బొటనవేలు చూపించారు. వచ్చింది నలుగురు. అందులో ఒకరు వాకింగుకి వచ్చి దొరికిపోయినవారు. ఇడ్లీ బండి పిన్నిగారు మాత్రం ఎవరూ అడక్కుండానే ఐదు రోజులు పిల్లలకు టిఫిన్ పెట్టారు. మూడు రోజులకు డబ్బులు తీసుకున్నారు, రెండు రోజులకు తీసుకోలేదు. ఆమె మన సంఘం సభ్యురాలు కూడా కాదు.

తీయడంలో పడ్డ పాట్లు వచ్చే ఏడాది పిల్లలకి పనికొస్తాయని రాస్తున్నాను. మొదటి రోజు ఇంట్లో తీసిన సీన్లలో ట్యూబులైటు వెలుగు తెర మీద గీతలు గీతలుగా ఊగింది. మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే సెకనుకి 50 సార్లు ఊగుతుంది, లైటు వెలుగూ దాంతోపాటే మిణుకుతుంది. దానికి సరిపోయేలా ఫోనులో సెకనుకి ఫ్రేములు 25కి, షట్టరు సెకనులో 1/50 వంతుకి పెట్టాక గీతలు పోయాయి. బీచిలో మాటలు వినపడలేదు, గాలి హోరే వినపడింది. మైకుకి బొచ్చు తొడుగు కొందామంటే ఖరీదు చూసి, ఒక పాప పాత ఎలుగుబంటి బొమ్మ పొట్ట కోసి తొడుగు కుట్టింది. బాగా పనిచేసింది. ఆ ఎలుగుబంటి చెల్లెలిదట. ఆ ఇంట్లో గొడవ ఇంకా నడుస్తోంది.

అసలు సంగతి ఆగస్టులో జరిగింది. ఎడిటింగ్ సగం అయ్యాక, కథ ఎవరిదో వాళ్ళకే ముందు చూపించాలని జాలరిపేటలో రామాలయం పక్కన తెల్ల దుప్పటి కట్టి వేశాం. సుమారు 80 మంది వచ్చారు. చివరి సీన్లో నాన్న, కొడుకు ఒడ్డున కూర్చుని ఉంటారు, సముద్రం మీద ఎర్రగా పొద్దు, రేపు నాన్న వెళ్ళిపోతాడు, ఇదే ఆఖరి సాయంత్రం. మా అందరికీ గుండె బరువెక్కింది. అప్పుడు ముందు వరసలో ఒక తాత లేచాడు.

"ఒరే బాబూ, సముద్రంలో పొద్దు గుంకుతాదేట్రా? మనకి పొద్దు పొడిసీది ఆ దిక్కున కదేటి!"

పేట పేటంతా నవ్వింది. తాత అన్నది అక్షరాలా నిజం. సాయంత్రం బీచిలో జనం ఎక్కువని పిల్లలు ఆ సీను తెల్లారి ఐదున్నర లోపు తీసి, సాయంత్రమని నమ్మించబోయారు. పుట్టి పెరిగింది విశాఖలోనే అయినా, చూసే సినిమాల్లో హీరో ఎప్పుడూ సముద్రంలో పొద్దు గుంకుతుంటేనే ఏడుస్తాడు కాబట్టి, మాలో ఒక్కరికీ తట్టలేదు. దర్శకత్వం చేసిన కుర్రాడు ఆ రాత్రి అన్నం తినలేదని వాళ్ళమ్మ ఫోన్ చేసింది.

మర్నాడు కథ రాసిన అమ్మాయి ఒక ఉపాయం చెప్పింది. షాటు మార్చొద్దు, మాటలు మారుద్దాం అంది. అది ఆఖరి సాయంత్రం కాదు, జూన్ 15 తెల్లవారుజాము. నాన్న ఇప్పుడే వెళ్ళిపోతున్నాడు. అదృష్టం కొద్దీ ఇద్దరూ కెమెరాకి వీపు పెట్టి కూర్చున్నారు, పెదాలు కనపడవు, కొత్త మాటలు డబ్బింగ్ చెబితే సరిపోయింది. ఒక్క బోటు బయల్దేరే షాటు మాత్రం కావాలి. ఆ నవ్విన తాతే తనకు తెలిసిన బోటు యజమానితో మాట్లాడి పిల్లల్ని ఫిషింగ్ హార్బరుకి తీసుకెళ్ళాడు. వేట మొదలైన రోజున చేసినట్టే బోటుకి పసుపు కుంకుమలు పెట్టించి, గంగమ్మకి కొబ్బరికాయ కొట్టించి, మళ్ళీ కళ్ళకు కట్టించాడు. ఇప్పుడు సినిమా చివర పిల్లాడు ఏడవడు. నాన్నకి సద్ది క్యారేజీ ఇచ్చి, తిరిగి ఎన్ని రోజులకో వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంటాడు. ముందు తీసినదానికంటే ఇది వంద రెట్లు మేలు. ఈ సంవత్సరం సంఘం చేసిన పనుల్లో నేను గర్వంగా చెప్పుకునేది ఇదే.

పాట విషయం. టీజరుకి ఒక సినిమా ట్యూను పెట్టి ఇంటర్నెట్లో పెడితే, గంటలోనే కాపీరైటు నోటీసు వచ్చింది. ఆ ట్యూను తీసేసి, పేటలో ఒక అమ్మమ్మ మనవణ్ణి నిద్రపుచ్చే పాటని ఆమె అనుమతితో రికార్డు చేసి వాడారు. పక్కన మేక అరుపు కూడా పడింది. తీయొద్దన్నాను నేను.

పోస్టర్ కథ వేరే. 40 రోజులు తీసినా సెట్లో ఒక్కరూ విడిగా ఫోటోలు తీయలేదు. వీడియోలోంచి ఫ్రేము తీసి పోస్టర్ వేద్దామంటే, 1920 బై 1080 బొమ్మ రెండడుగుల కాగితానికి సాగదీస్తే మొహం గళ్ళ లుంగీలా అయింది. సరే, ఫోటోలు తీద్దామని పిల్లాణ్ణి పిలిస్తే, వాడు సింహాచలంలో తలనీలాలు ఇచ్చేసి గుండుతో వచ్చాడు. అందుకే పోస్టర్లో వాడు వెనక్కి తిరిగి, తల మీద తువ్వాలు వేసుకుని సముద్రం చూస్తుంటాడు. "ఎంత ఆలోచించి పెట్టారండీ ఆ భంగిమ" అని ఒక లెక్చరర్ గారు మెచ్చుకున్నారు. మేం ఏమీ అనలేదు.

మొదటిసారి అచ్చుకిచ్చిన ప్రెస్సులో యూనికోడ్ అక్షరాలు వాళ్ళ పాత సాఫ్ట్‌వేరులో విడిపోయి, పేరు "అరవై ఒక్‌క రోజులు" అని వచ్చింది. 200 కాపీలు. ప్రూఫ్ చూస్తానన్న సభ్యుడు ఆ రోజు అరకు వెళ్ళాడు. సముద్రం కూడా తెర మీద ఉన్న నీలం కాకుండా బూడిదలా పడింది, అచ్చు రంగులు వేరట. రెండోసారి పేరుని బొమ్మగా మార్చి ఇచ్చాం, సరిగ్గా వచ్చింది. వాడకుండా మిగిలిన ఆ 200 పోస్టర్ల వెనక తెల్లగానే ఉంది, పిల్లలకు రఫ్ పేపర్లుగా ఇవ్వచ్చు, ఆఫీసు గదిలో ఉన్నాయి.

పోస్టర్ మీద కార్యవర్గం ఫోటోలు వేయాలని ఒక ప్రతిపాదన వచ్చింది. తొమ్మిది గుండ్రటి ఫోటోలు, నమస్కారాలు పెడుతూ. పిల్లలు ఒప్పుకోలేదు. అది సినిమా పోస్టరా, పుట్టినరోజు ఫ్లెక్సీయా అన్నారు. దాని మీద రెండు మీటింగులు జరిగాయి. చివరికి కింద చిన్న అక్షరాల్లో "సమర్పణ: కాలనీ సంఘం" అని మాత్రమే వేశారు. నా ఫోటో నేనూ పంపిన మాట నిజమే, దాచను.

ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ గురించి చిన్న మాట. "నాన్న వేటకెళ్ళాడు" అన్నదాన్ని మనవాళ్ళు "హంటింగ్" అని రాశారు. అమెరికాలో ఉన్న మా మేనల్లుడు చూసి "మామయ్యా, ఏ అడవికి?" అని అడిగాడు. సరిచేశాం.

డిసెంబరులో కమ్యూనిటీ హాల్లో 14 నిమిషాల సినిమా రెండుసార్లు వేశాం. మొదటి ఆటకి మధ్యలో కరెంటు పోయింది, జనరేటరు బాధ్యత తీసుకున్నవారు ఫోన్ ఎత్తలేదు. తాత ముందు వరసలో కూర్చున్నాడు. చివరి సీను రాగానే "ఇదీ" అన్నాడు. అంతే.

జమాఖర్చులు: సినిమాకి 41,300 రూపాయలు ఖర్చయింది. విరాళాలు 36,000. తేడా సంఘం నిధిలోంచి తీశాం. అందులో రెండోసారి పోస్టర్ల ఖర్చు ఎక్కువ. మిగతా పద్దులన్నీ ఆడిట్ అయ్యాయి. ప్రతులు కోశాధికారి గారి దగ్గర ఉన్నాయి, కావలసినవారు చూసుకోవచ్చు. ఇంకా 27 ఇళ్ళ నుంచి చందా రావాలి. పేర్లు చదవమని కొందరన్నారు, చదవడం లేదు. వచ్చే నెల చదువుతాను.

కృతజ్ఞతలు: డ్రాయింగు మాష్టారికి, ఇడ్లీ బండి పిన్నిగారికి, పేట పెద్దలకి, బోటు యజమానికి, కళాసీలకి, పాట పాడిన అమ్మమ్మకి, తాతకి, దుప్పటి ఇచ్చి మరకలతో తిరిగి తీసుకున్న మూడో లైను వదినగారికి, ప్రొజెక్టరు సగం అద్దెకే ఇచ్చిన కుర్రాడికి, తెల్లారి నాలుగింటికి వచ్చిన ఆ నలుగురికీ. పేరుపేరునా చెప్పాల్సినవారు ఇంకా ఉన్నారు, ఎవరినైనా మరిచిపోతే మన్నించండి.

వచ్చే వేసవికి పిల్లలు మళ్ళీ కథ రాసుకుంటున్నారు. ఈసారి స్టిల్ ఫోటోలు తీయడానికి ఒకరు, ప్రూఫ్ చూడడానికి ఇద్దరు, జనరేటరుకి ఫోన్ ఎత్తేవారు ఒకరు కావాలి. పేర్లు ఈ రోజే, ఇక్కడే, కాగితం మీద ఇవ్వండి, వాట్సాప్‌లో వద్దు. సంఘం ట్రైపాడ్ ఎవరింట్లో ఉందో వారు దయచేసి తెచ్చి ఇవ్వగలరు.

ఇట్లు,
కార్యదర్శి
విశాఖపట్నం