పాత బీబీసీ మైక్రో పలికింది
మిత్రులారా, మన నల్లగొండలోనే, పాత సామాన్ల కొట్టులో బీబీసీ మైక్రో అనే పాతకాలం కంప్యూటర్ దొరికింది! 1984లో బడి పిల్లలకు కంప్యూటర్ నేర్పే ‘క్లాస్’ పథకం కింద బడులకు వచ్చిన రకం. 32 కేబీ మెమరీ, 2 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్. మనం రోజూ ఇక్కడ పెట్టే గుడ్ మార్నింగ్ బొమ్మ ఒక్కటి కూడా అందులో పట్టదు.

ప్లగ్గు పెట్టకముందే పవర్ సప్లయి విప్పి చూశాను. అనుకున్నట్టే కరెంటులోని రొదను వడకట్టే పసుపు రంగు ఫిల్టర్ కెపాసిటర్ పైపొర నెర్రెలు విచ్చింది. లోపలి కాగితానికి తేమ తగిలితే పొగే. మెయిన్స్ కరెంటుకు తగిన ఎక్స్2 రకం కొత్తది పెట్టి టంకం వేశాను. స్విచ్చి వేయగానే రెండు స్వరాల కూత, తెరపై ‘బేసిక్’ అనే ప్రోగ్రామింగ్ భాష పేరు! టంకం వాసన పీల్చి ఎన్నేళ్లయిందో.

ప్రోగ్రాములు క్యాసెట్ నుంచే ఎక్కించాలి. అటక మీద పాత టేప్ రికార్డర్ ఉన్నవారు దయచేసి చెప్పండి, నేనే వచ్చి తీసుకుంటాను.