రూపాయికి 8 పైసలు పుస్తకం దాకా రావాలి

సంపాదకుల వారికి,
నమస్కారం.

తెలుగు పుస్తకాలు ఎవరూ కొనడం లేదన్న మాట ప్రతి ఆవిష్కరణ సభలోనూ వినిపిస్తుంది. ఆ మాటతో మేం ఏకీభవించలేం. డిసెంబరులో హైదరాబాద్ ఎన్టీఆర్ స్టేడియానికి, జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవానికి వచ్చే జనాన్ని చూసినవాళ్లెవరూ ఆ మాట అనరు. కొనేవాళ్లున్నారు. రచయిత సొంత డబ్బు పెట్టి అచ్చు వేయించిన పుస్తకం వాళ్ల చేతికి చేరే దారే సరిగా లేదు. కథలు, కవిత్వం, ఊళ్ల చరిత్రలు చాలావరకు ఇప్పుడు ఇలా సొంత ఖర్చుతోనే వెలువడుతున్నాయి. అందుకే ఇది రచయితల ఇంటి గొడవ అని వదిలేయడానికి లేదు. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా కడుతున్న మనందరి గొడవ.

ముందు లెక్క చూడండి. డెమ్మీ 1/8 సైజులో (మామూలు కథల పుస్తకం సైజు) 160 పేజీల పుస్తకం, 500 ప్రతులు, వెల 200 రూపాయలు అనుకుందాం. డీటీపీ (కంప్యూటర్‌లో అక్షరాల కూర్పు), ప్రూఫులు, ముఖచిత్రం, కాగితం, అచ్చు, బైండింగ్ అన్నీ కలిపి ప్రతికి 80 రూపాయలు పడిందనుకుంటే పెట్టుబడి 40,000. పంపిణీదారుకు ఇచ్చే కమీషన్ సాధారణంగా 40 నుంచి 50 శాతం. 45 శాతం లెక్కన రచయితకు మిగిలేది ప్రతికి 110. అంటే 364 ప్రతులు అమ్ముడుపోయి, వాటి డబ్బంతా చేతికొస్తే తప్ప పెట్టుబడి తిరిగి రాదు. అదే పుస్తకాన్ని పాఠకుడికి నేరుగా పంపితే టపా, కవరు ఖర్చు 30 రూపాయలు పోను 170 మిగులుతుంది. 236 ప్రతులతో గట్టెక్కవచ్చు. సమీక్షలకు, ముందుమాట రాసినవారికి, మిత్రులకు, సభలో వేదిక మీది పెద్దలకు పోయే యాభై అరవై ప్రతులను ఈ లెక్కలో కలపలేదు. పుస్తకాలపై జీఎస్టీ లేదని సంతోషిస్తాం గానీ, ఆ కారణంగానే కాగితం మీద, అచ్చు మీద కట్టిన పన్ను వెనక్కి రాదు. అది కూడా ఆ 80 రూపాయల్లోనే కలిసి ఉంటుంది.

కమీషన్ ఎక్కువని పంపిణీదారులను నిందించడం న్యాయం కాదు. దుకాణం అద్దె, సిబ్బంది జీతాలు, కొట్టువాడికిచ్చే వాటా అన్నీ అందులోంచే రావాలి. అసలు ఇబ్బంది లెక్కల దగ్గర ఉంది. అమ్మితేనే డబ్బు అన్న పద్ధతిలో పాతిక ప్రతులు ఇచ్చాక, ఎన్ని పోయాయో తెలియడానికి ఆరు నెలలు, ఏడాది పడుతుంది. మిగిలినవి అట్ట మాసి, మూలలు నలిగి తిరిగొస్తాయి. చాలామంది రచయితలు ఇచ్చిన ప్రతులకు రసీదు కూడా తీసుకోరు. ప్రతుల సంఖ్య, తేదీ, కమీషన్ శాతం, లెక్క తేల్చే గడువు, పాడైన ప్రతుల బాధ్యత ఎవరిదన్నది ఒక చలానా మీద రాసుకుని ఇద్దరూ సంతకాలు చేయాలి. ఇది అపనమ్మకం కింద రాదు. ఒకేసారి వంద ప్రతులు దింపేకన్నా పది ఇచ్చి, అవి పోయాక మరో పది ఇవ్వడం మేలు.

అచ్చు దగ్గర జరిగే పొరపాట్లు కూడా అమ్మకాన్ని దెబ్బతీస్తాయి. ప్లేట్లతో వేసే ఆఫ్‌సెట్ అచ్చులో ఒకే కాగితం మీద పడే 16 పేజీలు ఒక ఫారం అనుకుంటే 160 పేజీలకు సరిగ్గా పది ఫారాలు. రెండు పేజీలు పెరిగితే వాటికోసం విడిగా కాగితం, ప్లేటు ఖర్చు. పుస్తకం మరీ పలచగా ఉంటే వెన్ను మీద పేరు వేయడానికి చోటుండదు, అలమరలో ఆ పుస్తకం కనిపించదు. ప్రదర్శన మొదలయ్యే వారం ముందు హడావుడిగా బైండింగ్ చేయిస్తే తెరవగానే కాగితాలు ఊడతాయి. మొదటి కూర్పు ప్లేట్లు అక్కర్లేని డిజిటల్ అచ్చులో 150 ప్రతులు వేసి, అడిగేవాళ్లు ఉంటే మళ్లీ వేయించుకోవడం మంచిది. ప్రతికి ఖర్చు పెరుగుతుంది, అయితే మంచం కింద కట్టలు మిగలవు.

ఐఎస్‌బీఎన్ (ప్రతి పుస్తకానికీ విడిగా ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు సంఖ్య) గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. రాజా రామమోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఈ సంఖ్యను ఉచితంగా ఇస్తుంది. రచయిత తన పేరుతో తానే దరఖాస్తు చేసుకోవచ్చు. అది తెలియక, అచ్చు పనులన్నీ కలిపి చేసిపెడతామనే ‘ప్యాకేజీ’ల వాళ్లకు దానికోసం డబ్బు కడుతున్నారు. పైగా ఆ సంఖ్య వాళ్ల పేరున ఉంటే రికార్డుల్లో ప్రచురణకర్తలు వాళ్లే అవుతారు. అచ్చుకు ఫైలు ఇచ్చేముందే దరఖాస్తు చేసుకోవాలి, అట్ట అచ్చయ్యాక బార్‌కోడ్ స్టిక్కర్లు అతికించే తిప్పలు తప్పుతాయి. 1954 నాటి చట్టం ప్రకారం కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికి, చెన్నై, ముంబయి, ఢిల్లీలలోని నిర్ణీత గ్రంథాలయాలకు తలా ఒక ప్రతి పంపాల్సిన బాధ్యత కూడా ప్రచురణకర్తదే. సొంత ప్రచురణల్లో చాలామంది ఇది మరిచిపోతారు.

టపా విషయంలో కొంత ఊరట ఉంది. పుస్తకాలను తక్కువ ఖర్చుతో పంపే రిజిస్టర్డ్ బుక్ పోస్ట్‌ను 2024 డిసెంబరులో తీసేసినప్పుడు చిన్న ప్రచురణకర్తలు చాలా నష్టపోయారు. 2025 మే 1 నుంచి పుస్తకాల కోసం తపాలా శాఖ పెట్టిన జ్ఞాన్ పోస్ట్ వచ్చింది. 300 గ్రాముల వరకు 20 రూపాయలు, 5 కిలోలకు 100 రూపాయలు, పన్ను అదనం. మనం అనుకున్న 160 పేజీల పుస్తకం మామూలు 70 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 70 గ్రాములు తూగే) కాగితం మీద 200 గ్రాములకు అటూఇటూగా తూగుతుంది, కవరుతో కలిపినా మొదటి శ్లాబు దాటదు. పుస్తకం మీద ముద్రాపకుడి పేరో ప్రచురణకర్త పేరో ఉండాలి, లోపల వ్యాపార ప్రకటనలు ఉండకూడదు. వెనక అట్ట మీద స్నేహితుల దుకాణాల ప్రకటనలు వేసుకునేవారు ఇది గమనించాలి. వాట్సాప్‌లో వచ్చిన చిరునామాలో పిన్‌కోడ్, ఫోన్ నంబరు లేకపోతే కట్ట కట్టకండి, అది తిరిగొస్తుంది. విదేశాల్లోని తెలుగువారికి పంపాలంటే మాత్రం టపా ఖర్చు పుస్తకం వెలను మించిపోవచ్చు.

ఈ-బుక్ ఉందిగా అంటారు. 2016లో అమెజాన్ వారి ఈ-బుక్ వేదిక కిండిల్ హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళాలకు చోటిచ్చినప్పుడు ఆ జాబితాలో తెలుగు లేదు. మన డీటీపీలో అచ్చు కోసం వాడే అను ఫాంట్లలో కంపోజ్ చేసిన ఫైలును, ఫోన్లు, ఈ-బుక్కులు చదవగలిగే యూనికోడ్‌లోకి మారిస్తే ఒత్తులు, సున్నాలు చెదురుతాయి, మళ్లీ మొదటి నుంచి ప్రూఫు చూడాలి. ఆన్‌లైన్ అంగడిలో పెట్టేటప్పుడు పుస్తకం పేరు తెలుగు లిపిలో, ఇంగ్లిష్ అక్షరాల్లో రెండు రకాలుగానూ ఇవ్వాలి, ఎందుకంటే వెతికేవాళ్లలో చాలామంది ఇంగ్లిష్ అక్షరాల్లోనే టైపు చేస్తారు.

ఇవన్నీ రచయిత నేర్చుకోగలిగినవే. రచయిత చేతిలో లేనిది గ్రంథాలయాల కొనుగోలు. 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం కింద ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను మనం రెండు రాష్ట్రాల్లోనూ కడుతున్నాం. స్థానిక సంస్థలు దాన్ని వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థలకు జమ చేయాలి. జమ కాని బకాయిల గురించి మీ పత్రికలోనే ఎన్నోసార్లు చదివాం. ఆ డబ్బు ఆగినప్పుడల్లా మొదట ఆగిపోయేది కొత్త పుస్తకాల కొనుగోలే. 1914లోనే బెజవాడలో గ్రంథాలయ మహాసభ జరుపుకున్న నేలలో ఇలా జరగడం బాధాకరం.

మేం కోరేవి పెద్ద కోరికలు కావు. ఏటా ఒక నిర్ణీత నెలలో కొనుగోలు ప్రకటన రావాలి. నమూనాకు రెండు ప్రతులు చాలనాలి. ఎంపికైన పుస్తకాల జాబితా, కాని వాటికి కారణం బహిరంగంగా పెట్టాలి. ఎంపికైన పుస్తకాన్ని కనీసం 200 ప్రతులు, ఒకే చోట అప్పగించేలా తీసుకోవాలి. జిల్లాకో ఆర్డరు ఇస్తే తెలంగాణలోనే 33 పార్సిళ్లు, 33 బిల్లులు, 33 ఆఫీసుల చుట్టూ తిరుగుడు. ఒంటరి రచయితకు అది సాధ్యం కాదు. 90 రోజుల్లో డబ్బు చెల్లించాలి. 25 శాతం తగ్గింపుతో 200 ప్రతులంటే పై లెక్కలో 30,000 రూపాయలు. ముప్పావు వంతు పెట్టుబడి అక్కడే తిరిగొస్తుంది. పుస్తకం దుకాణం లేని మండలాల్లోని పాఠకుడికి అది దొరుకుతుంది కూడా. పుస్తక ప్రదర్శనల్లో స్టాలు అద్దె భరించలేని ఒకటి రెండు పుస్తకాల రచయితల కోసం ఉమ్మడి స్టాళ్లు, ఉన్నచోట పెంచాలి, లేనిచోట పెట్టాలి.

మీ పత్రికకూ రెండు మనవులు. పుస్తక సమీక్ష కింద ‘ప్రతులకు’ అని రచయిత ఫోన్ నంబరు ఒక్కటే వేస్తున్నారు. ఆయన ఊరు మారినా, కాలం చేసినా పుస్తకం అక్కడితో మాయమవుతుంది. కనీసం ఒక దుకాణం పేరు, ఐఎస్‌బీఎన్ కూడా అడిగి వేయండి. రెండోది, గత మూడేళ్లలో ఏ జిల్లా గ్రంథాలయ సంస్థకు ఎంత పన్ను జమ అయింది, స్థానిక సంస్థల దగ్గర ఎంత ఆగింది, అందులో పుస్తకాలకు ఎంత ఖర్చు పెట్టారు అన్న మూడు ప్రశ్నలు సమాచార హక్కు కింద అడిగి, జిల్లాలవారీగా పట్టిక వేయమని మీ విలేకరులకు చెప్పండి.

– సొంత ప్రచురణ రచయితలకు తోడుగా పనిచేస్తున్న కొందరు పాఠకులు, విజయవాడ